వంకీలు తిరిగిన ఊలు

ఆ యేడు చలి బేగి దిగింది. నా వరకు అది మంచి కబురు.

ఊలు అమ్మేవాడికి ఎండలు దండగ, వానలు దండగ, చలి ఒక్కటే రాబడి. నర్సీపట్నంలో చలి ఏమంత ఉండదు. కానీ ఘాట్ ఎక్కితే చింతపల్లి, లంబసింగి వైపు తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అక్కడి పంతుళ్ళు, నర్సులు, కాఫీ తోటల గుమస్తాలు, వాళ్ళ పెళ్ళాలు సంతకి దిగినప్పుడు నా కొట్టు మెట్లు ఎక్కుతారు. తొంభై ఎనిమిది అక్టోబరు చివరికే నా దగ్గర ముదురు రంగులు ఖాళీ అయ్యాయి. బస్టాండు రోడ్డులో నేపాలీలు గోడకి తాళ్ళు కట్టి రెడీమేడ్ స్వెట్టర్లు వేలాడదీసినా నాకు భయం వెయ్యలేదు. వాళ్ళది పెద్దవాళ్ళ సరుకు. పురిటి బిడ్డకి సరిపోయేది ఊళ్ళో ఎవరూ అమ్మరు. అల్లాల్సిందే. అల్లాలంటే నా కొట్టుకి రావాల్సిందే.

నా పేరు మార్కు. కొట్టుకి మాత్రం మా ఆవిడ పేరు పెట్టాను, ఎస్తర్ ఊల్ స్టోర్స్ అని. ప్రేమకొద్దీ పెట్టలేదు. గల్లా పక్కన కుర్చీ వేసుకుని ఎస్తర్ రాణి అల్లుతూ కూర్చుంటే, వచ్చిన ఆడవాళ్ళు ఆ చేతుల వైపు చూస్తూ ఒక ఉండ అడగబోయి మూడు పట్టుకెళ్ళేవారు. ఏది చూసి జనం కొంటున్నారో అదే బోర్డు మీద రాయించుకోవాలి. నేను రాయించుకున్నాను.

మా కుటుంబాల్లో ఒక అలవాటుంది. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసిన మా అత్తగారు అక్కడి దొరసాని దగ్గర అల్లిక నేర్చుకుని మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నా, నెలలు నిండకముందే పుట్టబోయే బిడ్డకి తెల్ల ఊలుతో ఒక జత అల్లాలి. టోపీ, స్వెట్టర్, మేజోళ్ళు. ఆ జతని గురువారం స్త్రీల సమాజం కూటానికి తీసుకెళ్ళి బల్ల మీద పెడితే, ఆడవాళ్ళందరూ దాని మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. మావాళ్ళు దాన్ని బట్టల ప్రార్థన అంటారు. బిడ్డ పుట్టాక చర్చిలో దేవుడికి అప్పగించి ప్రతిష్ఠ చేసే ఆదివారం అదే జత తొడుగుతారు. అత్తగారు పోయాక సూదులు మా ఆవిడ చేతికొచ్చాయి. తన చెల్లెళ్ళ పిల్లలకి, నా తమ్ముళ్ళ పిల్లలకి, ఆ పిల్లల పిల్లలకి కూడా అల్లింది. కుటుంబం పెరిగేకొద్దీ కొట్టులో తెల్ల ఊలు తరుగుతూ వచ్చింది. మావాళ్ళ ఫొటో ఏది తీసి చూసినా ఎవరో ఒకరి ఒళ్ళో ఒక తెల్ల టోపీ ఉంటుంది.

ఆ సంవత్సరం మా వంతు. మా ఒక్కగానొక్క కొడుకు షాలేమ్‌రాజు భార్య రాజేశ్వరికి ఆరో నెల దగ్గరపడింది.

రాజేశ్వరి మా చర్చి పిల్ల కాదు. యలమంచిలి దాటాక సముద్రం ఒడ్డున, వేటకెళ్ళే వాళ్ళ పిల్ల. యలమంచిలిలో కుట్టు నేర్చుకునేటప్పుడు దారాల కోసం ఒక కొట్టుకి వచ్చేది. మావాడు ఆ కొట్టుకి సరుకు వేసేవాడు. వాడు వేస్తున్నంత దారం ఆ కొట్టులో ఖర్చు కాదని నాకు తెలుసు కాబట్టి, సంగతి ముందే కనిపెట్టాను. రెండు వైపులా కొంచెం గొణుగుడు నడిచాక పెళ్ళి అయింది. పిల్ల నెమ్మది. పని తెలుసు. బేరం నాకు నచ్చింది.

వాళ్ళమ్మ అచ్చియమ్మ చేపలమ్ముతుంది. వీలైనప్పుడల్లా వంజరం ముక్కో, ఎండు నెత్తళ్ళో పట్టుకుని బస్సెక్కి వచ్చి కూతుర్ని చూసి పోయేది. అలా వచ్చిన ఒకరోజు మా ఆవిడ వసారాలో కూర్చుని తెల్ల ఊలుతో మొదటి కుట్లు ఎక్కిస్తోంది. అచ్చియమ్మ సంచి దించి, చేతులు కడుక్కుని వచ్చి, ఊలు మెత్తగా ఉందని ముట్టుకుని చూసి, ఎవరికని అడిగింది. మన మనవడికో మనవరాలికో అని మా ఆవిడ చెప్పింది. అచ్చియమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"వొద్దు వొదినా. పుట్టకముందు ఏటీ సెయ్యకూడదు. మావోళ్ళు ఉయ్యాలకి తాడు కూడా కొనరు. ముందు బిడ్డ ఏడుపు ఇనాల. ఇన్నాక కూడా పాతగుడ్డే సుడతాం. ముసిలోళ్ళు కట్టి నలిగినది. పురుడెల్లినాకే కొత్తది."

మా ఆవిడ నవ్వింది. "మాకు అలాంటి పట్టింపుల్లేవు వదినా. దేవుడిచ్చే బిడ్డ కోసం ముందే సిద్ధపడితే తప్పేముంది? మావాళ్ళలో అందరికీ ఇలాగే అల్లాను."

"అల్లుంతావు. ఆళ్ళ సంగతి ఆళ్ళది. పడవ ఏటకెల్తే, ఎంత పడతాదని మావోళ్ళని అడిగి సూడు. కొట్టడానికొస్తారు." కూతురి వైపు తిరిగి, "నువ్వేటే, బెల్లంకొట్టిన రాయిలాగ నిలబడిపోనావు? నువ్వు సెప్పవేటి మీ అత్తకి?" అంది.

రాజేశ్వరి తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఊలు చిలప పట్టుకున్నప్పుడు కొట్టువాడు నోరు మూసుకోవాలి. కాకపోతే, మా ఆవిడ 'అందరికీ' అన్నప్పుడు నేను ఆవిడ మొహం చూడకుండా బయటికి చూశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

నవంబరులో కొట్టు ఊపిరాడనివ్వలేదు. రాజేశ్వరి మధ్యాహ్నాలు వచ్చి బొత్తాల పెట్టెలు సర్దేది. మావాడు పార్సెళ్ళు జీపుల మీద వేసుకుని చింతపల్లి వైపు తిరిగేవాడు. ఇంట్లో అల్లిక ఎంతవరకు వచ్చిందో నేను చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు. పురిటి జత మా ఆవిడకి ఒక పని కాదు. అన్నం వార్చే లోపు ఒక మేజోడు అయిపోయేది.

స్త్రీల సమాజం కార్యదర్శి కరుణకుమారి గారు బొత్తాల కోసం వచ్చి అడిగినప్పుడు నాకు మొదటిసారి అనుమానం తగిలింది. ఆవిడ బళ్ళో టీచరు. ఎవర్నైనా నిలబెట్టి అడుగుతుంది.

"ఏటండీ మార్కుగారూ, మా ఎస్తరక్క ఊరోళ్ళ పిల్లలకి ఎక్స్‌ప్రెస్సు, సొంత మనవడికి పాసింజరా? బట్టల ప్రార్థన ఈ గురువారం అంది, ఆ గురువారం అంది. బల్ల ఖాళీగానే ఉంటోంది."

సీజను కదా, కొట్టులో పని ఎక్కువైందని సర్దాను. ఆవిడ ఒప్పుకోలేదు. గొంతు తగ్గించి, "ఆ పిల్ల వాళ్ళ పట్టింపులేవో లోపలికి వచ్చాయేమో చూసుకోండి. సమాజంలో అప్పుడే అనుకుంటున్నారు" అంది. బొత్తాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం కొట్టులో ఉండిపోయింది.

ఇక్కడ ఊలు గురించి ఒక సంగతి చెప్పాలి. కొత్త ఉండలో ఊలు సాపుగా ఉంటుంది. ఒకసారి అల్లి విప్పితే ఆ కుట్ల ఆకారం దానికి పట్టేస్తుంది. వంకీలు తిరుగుతుంది. మళ్ళీ అల్లి మళ్ళీ విప్పితే నూగు లేస్తుంది, తెలుపు మాసిపోతుంది. సగం వాడిన ఊలు తెచ్చి, కొత్తదే, రంగు నచ్చలేదు, మార్చివ్వమనే వాళ్ళని నేను ఈ వంకీలతోనే పట్టుకుంటాను. కళ్ళు మూసుకుని కొస లాగితే చాలు, వేళ్ళకి తెలిసిపోతుంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, వసారాలో అల్లిక బుట్ట అడ్డంగా ఉందని పక్కన పెట్టబోయాను. తెల్ల ఉండ చేతికి తగిలింది. బరువుగా ఉంది. వారం మధ్యలో దొర్లిపోతే తీసినప్పుడు ఇంతకంటే తేలిక. అల్లేకొద్దీ ఉండ తరగాలి, ఇది పెరిగింది. కొస లాగాను. వంకీలు. ఇంకొంచెం లాగాను. అన్నీ వంకీలే. సూదుల మీద ఉన్న స్వెట్టర్ వీపు భాగం నా అరచేతి వెడల్పుకి మించి లేదు.

అల్లిక ముందుకి పోవడం లేదు. ఎవరో విప్పుతున్నారు.

కొట్టులో సరుకు అటూ ఇటూ అయితే ముందు ఒకటే చూస్తాం, దానివల్ల ఎవరికి లాభం అని. ఈ జత పూర్తి కాకపోతే మనసు నిమ్మళించేది ఎవరికి? అచ్చియమ్మకి. ఆవిడ ఇక్కడ లేదు. కూతురు ఉంది. నాకు కోపం రాలేదు. పిల్ల భయం పిల్లది. కానీ ఇది కరుణకుమారి చెవిన పడితే, చర్చిలో ఆ పిల్ల కూర్చునే బెంచీ మీద ఇంకెవరూ కూర్చోరు. మా ఆవిడకి తెలిస్తే, తన చేత్తో అల్లినదాన్ని కోడలు విప్పుతోందని మనసు విరిగిపోతుంది. ఒకే ఇంట్లో ఉండాల్సిన వాళ్ళు. అందుకని ఇది నా చేతిలోనే తేలిపోవాలనుకున్నాను.

గురువారం మా ఆవిడ కూటానికి వెళ్ళినప్పుడు రాజేశ్వరి కొట్టులో ఉంది. నేను ఉండ తెచ్చి బల్ల మీద పెట్టి, కొస లాగి చూపించాను. ఆ పిల్ల వంకీల ఊలు వేలికి చుట్టుకుంది. వదిలింది. మళ్ళీ చుట్టుకుంది.

"నేనే మావయ్యా" అంది.

"మీ అమ్మ చెప్పిందా?"

"అమ్మకి ఈ ఇప్పడాలు ఏటి తెలుస్తాయి? నాకే మనసొప్పలేదు." ఉండని నా వైపు జరిపి, "అత్తని మాత్రం ఏటీ అడగొద్దు మావయ్యా" అంది.

అడగనని మాటిచ్చాను. ఊలు పాడైపోతోంది, ఇంకో ఉండ పట్టుకెళ్ళమని అలమారలోంచి తీసిచ్చాను కూడా. బిడ్డ పుట్టేదాకా రోజులు ఇలాగే దొర్లిపోతే, ఆ తర్వాత ఒక్క వారంలో మా ఆవిడ అల్లేస్తుంది, ఎవరికీ నష్టం లేదు. చక్కగా తేల్చానని నాకు నేనే అనుకున్నాను.

డిసెంబరు మొదట్లో, మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి, అచ్చియమ్మ వచ్చి కూతుర్ని తీసుకెళ్ళింది. జీపెక్కేముందు రాజేశ్వరి మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. మా ఆవిడ తలూపింది. నేను సామాన్లు ఎక్కిస్తున్నాను, వినలేదు.

క్రిస్మస్ హడావిడి మొదలైంది. ఒకరోజు పొద్దున్నే కొట్టుకి బయల్దేరుతూ అలవాటుగా బుట్టలోకి చెయ్యి పెట్టాను. నేనిచ్చిన కొత్త ఉండ. కొస లాగాను.

వంకీలు.

రాజేశ్వరి ఇంట్లో లేదు. ఇంట్లో ఉన్నది నేను, మా ఆవిడ, మావాడు. మావాడికి సూది ఏ కొస పట్టుకోవాలో తెలీదు. అంతకంటే లెక్క అక్కర్లేదు.

మధ్యాహ్నం మావాడిని గల్లా దగ్గర కూర్చోబెట్టి ఇంటికొచ్చాను. పెరటి గుమ్మం దగ్గర, రుబ్బురోలు పక్కన, వీధికి వీపు పెట్టి కూర్చుంది. ఒళ్ళో ఆ తెల్ల ముక్క. సూది తీసేసి ఉంది. కుడిచేత్తో ఊలు లాగుతోంది, ఎడమచేత్తో ఉండకి చుడుతోంది. అల్లేటప్పుడు ఎంత చురుగ్గా ఉంటాయో విప్పేటప్పుడూ ఆ చేతులు అంతే చురుగ్గా ఉన్నాయి. నన్ను చూసి కూడా ఆపలేదు. వరస చివరిదాకా లాగి, మళ్ళీ కుట్లన్నీ సూది మీదకి ఎక్కించి, అప్పుడు తలెత్తింది.

"సగంలో ఆపితే కుట్లు జారిపోతాయి" అంది.

నేను గుమ్మం మీద కూర్చున్నాను. ఎప్పటినుంచని అడిగాను. మొదటి నుంచీ అంది. మరి రాజేశ్వరి తనే విప్పానందని చెప్పాను.

"తెలుసు. మీరు అడిగిన రోజే వచ్చి నాతో చెప్పింది. నా మీద పెట్టేసుకున్నాను అత్తా, మీరు కంగారు పడకండి అంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒకరోజు నేను విప్పుతుంటే చూసింది. ఏమీ అడగలేదు. వచ్చి ఉండ చుట్టిపెట్టింది. ఆ తర్వాత రోజూ తనే చుట్టేది."

ముప్పై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి, నా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుని నా కళ్ళముందే ఊలు చుట్టారు.

ఇందాక చెప్తానన్నది ఇది. షాలేమ్ కంటే ముందు మాకు ఒక మగబిడ్డ. ఆ మాట మా ఇంట్లో ఎత్తం. ఆ బిడ్డ కోసం జత అల్లింది అత్తగారు. బట్టల ప్రార్థన కూడా జరిగింది. బిడ్డ ఏడవలేదు. ఆ జత తొడిగే సమాధి చేశాం. తర్వాత షాలేమ్ కడుపులో ఉన్నప్పుడు అత్తగారు మంచాన పడింది, ఎవరూ ఏమీ అల్లలేదు. వాడు పాతగుడ్డల్లో పుట్టి పాతగుడ్డల్లో పెరిగాడు. ఊరందరి పిల్లలకీ అల్లిన మనిషి, తన కడుపున పుట్టినవాళ్ళ కోసం ఇంతవరకు ఒక్క కుట్టు అల్లలేదు. ఇన్నేళ్ళలో నేను ఎన్నో లెక్కలు కూడి చూశాను, ఎన్నో తీసేశాను. ఈ ఒక్కటి కూడి చూసుకోలేదు.

"చెల్లెళ్ళ పిల్లలకి అల్లినప్పుడు ఏమీ తెలీలేదండీ" అంది. "ఇది మనవాడి బిడ్డ. చంక దగ్గరికి వచ్చేసరికి ఆ చంక గుర్తొస్తుంది. తొడిగింది నేనే కదా."

నేను కింద పడిన ఉండ తీసి ఆవిడ పక్కన పెట్టాను.

"పట్టింపులు తప్పని నాకు తెలుసు. సమాజంలో లేచి చెప్పేదాన్ని నేనే. అల్లకుండా ఉంటే ఈ బిడ్డ రాదని నేనే ఒప్పుకున్నట్టు ఉంటుంది. పూర్తి చేద్దామంటే భయం. అందుకని పొద్దున్న అల్లుతున్నాను, మధ్యాహ్నం విప్పుతున్నాను. ఇలా అయినా రోజులు గడిచిపోతాయి."

దీనికి నా దగ్గర బేరం లేదు. మానెయ్యమంటే మానలేని మనిషి, పూర్తి చెయ్యమంటే చెయ్యలేని మనిషి. సాయంత్రం కొట్టు కట్టేముందు అలమారలోంచి ఇంకో తెల్ల ఉండ తీసి జేబులో వేసుకుని, ఇంటికెళ్ళాక బుట్టలో పెట్టాను. ఆ చలికాలమంతా పాతది మాసిపోగానే కొత్తది పెడుతూ వచ్చాను. కొట్టువాడికి ఏది అమ్మాలో తెలిస్తే సరిపోదు. ఏది ఎత్తి పక్కన పెట్టాలో కూడా తెలియాలి.

క్రిస్మస్ అయిన వారానికి కరుణకుమారి గారు మళ్ళీ నిలేసింది. ఈసారి చర్చి మెట్ల మీద, నలుగురు వింటుండగా. బట్టల ప్రార్థన బిడ్డ పుట్టాకే పెట్టుకుంటామని చెప్పాను.

"అనుకున్నాను. ఆ అమ్మాయి పట్టింపేనా?"

"కాదండి. నా పట్టింపు."

"మీకేటండీ పట్టింపు? మీరు చర్చి పెద్ద, డీకను కదా!"

"డీకనుకి ఒక్కటైనా ఉండకూడదా అండీ" అన్నాను. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆవిడకి కోపం వచ్చింది కానీ కోపం నా మీదే ఆగింది. కోడలి దాకా పోలేదు. ఆ సీజనులో నేను చేసిన బేరాల్లో మంచిది అదే.

జనవరి మూడో వారం, సంతరోజు. కొట్టు నిండా జనం. ఎదురుగా ఎస్టీడీ బూత్ అతను, యలమంచిలి నుంచి ఫోనని కేకేశాడు. అవతల అచ్చియమ్మ. ఫోను అవసరం లేకుండా వినబడేంత గట్టిగా మాట్లాడుతోంది.

"అన్నియ్యా, పిల్లకి నొప్పులొచ్చీసినాయి. తొమ్మిది పడనేదు. నర్సింగుహోముకి తెచ్చీసినాం. వొదిన్ని తీసుకుని బేగి రండి."

మావాడు పార్సెళ్ళతో ఘాట్ మీద ఉన్నాడు. జీపుల స్టాండులో కబురు చెప్పించాను. కొనడానికి వచ్చిన వాళ్ళని రేపు రమ్మని పంపి షట్టరు దించాను. సగం దించాక మళ్ళీ లోపలికి వెళ్ళి, తెల్ల ఊలు ఉండ ఒకటి, సన్న సూదుల జత ఒకటి తీసి చేతిసంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానంటే, ఖాళీ చేతుల్తో ప్రయాణం చేసే అలవాటు లేక. అంతకు మించి ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు.

మా ఆవిడ ఇంటి దగ్గర చీర మార్చుకుని తయారుగా ఉంది. బుట్ట వసారాలోనే వదిలేసింది. కోటవురట్ల మీదుగా బస్సులో వెళ్తున్నంతసేపూ ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు వేళ్ళలో దూర్చి గట్టిగా పట్టుకుంది. అవి ఖాళీగా ఉండగా నేను అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

నర్సింగుహోము మెట్ల మీదే అచ్చియమ్మ ఎదురైంది.

"పుట్టీసినాది. ఆడగుంట. పిల్లికూనంత ఉంది. ఏడిసినాది వొదినా, నాను ఇన్నాను. మాయాయన పాత పంచి సుట్టినాను." తర్వాత ఊపిరి తీసుకుని, "డాట్రమ్మ తల సల్లబడనియ్యొద్దంది. టోపీ ఎయ్యాలంట. బజార్లో కొన్న టోపీలో పిల్ల మొత్తం పట్టీసింది. నీ టోపీ ఏదీ? సంచిలో ఉందేటి? తియ్యి బేగి."

మా ఆవిడ కదల్లేదు.

"లేదు వదినా. అల్లలేదు."

"అల్లకపోడమేటి? నెలలనుంచి అల్లతన్నావు కదా."

"అల్లాను. విప్పేశాను. ప్రతీసారీ విప్పేశాను."

అచ్చియమ్మ మా ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. ఏం అర్థం చేసుకుందో, ఎంత అర్థం చేసుకుందో నాకు తెలీదు. ఎందుకని అడగలేదు.

"మంచి పని సేసినావు" అంది. "ఇప్పుడల్లు."

నేను సంచిలోంచి ఉండ, సూదులు తీసి వరండాలో బల్ల మీద పెట్టాను. మా ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది. కూర్చుంది. కొస వెతికి లాగింది. ఊలు సాపుగా వచ్చింది.

"ఎంత అల్లను?" అంది. ఎవర్నీ అడిగినట్టు కాదు. "ఇంత చిన్న తలకి అంచనా ఎలా?"

ఆవిడ అల్లిన జతలన్నీ అత్తగారు నేర్పిన అంచనాల మీద అల్లినవే. పుట్టబోయే బిడ్డకి కొలతలు ఉండవు. లోపలికి నర్సు ఒక్క ఆడమనిషినే రానిస్తోంది. అచ్చియమ్మ చెయ్యి చాపి, మూరెడు ఊలు తెంపి ఇమ్మంది. పట్టుకుని లోపలికి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నడక చూసి వరండాలో వాళ్ళు పక్కకి జరిగారు. బిడ్డ తల చుట్టూ తిప్పిన ఊలుని రెండు చేతుల వేళ్ళతో గిల్లి పట్టుకుని, మోచేతులు పైకెత్తి, పక్కవాటుగా అడుగులేస్తూ వస్తోంది.

"తప్పుకోండి. ఏళ్ళు జరిగితే మరి కొలత పోతాది. తప్పుకో నాయినా, నిన్నే."

మా ఆవిడ సూది తీసి ఆ రెండు చేతుల మధ్య పెట్టి చూసుకుంది.

"ఇంతేనా వదినా?"

"ఇంతే. నా గుప్పెటంత. రాజేశ్వరి అడగతంది, మా అత్త సేతిలో సూదులున్నాయా అని. ఉన్నాయని సెప్పీసినాను."

మా ఆవిడ కుట్లు ఎక్కించడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ రాని బిడ్డకి అల్లింది, ఇప్పుడు వచ్చిన బిడ్డకి అల్లుతోంది. చేతులకి ఆ తేడా తెలిసినట్టుంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. అచ్చియమ్మ పక్కన కూర్చుని ఉండ ఒళ్ళో పెట్టుకుని, వల వదులుతున్నట్టు కొంచెం కొంచెంగా ఊలు వదిలింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. బస్సులో సీటు దొరికిందా, అక్కడ చలెలా ఉంది, పిల్ల ముక్కు ఎవరిది, అలాంటివే. ముక్కు మార్కన్నియ్యదే అని అచ్చియమ్మ తేల్చింది. పాపం గుంట అని కూడా అంది.

నడినెత్తి దగ్గర కుట్లు తగ్గించే చోట చేతులు ఆగాయి. నాకు ఆ చోటు తెలుసు. అక్కడ దాటితే ఇక ముగింపే.

"ఆగిపోనావేటి?" అంది అచ్చియమ్మ.

"ఇక్కణ్ణుంచి తగ్గించాలి."

"తగ్గించు మరి. లోపల సలిగా ఉంది."

తగ్గించింది. చివరి కుట్టులోంచి ఊలు లాగి ముడేసింది. టోపీని పిడికిలి మీద తొడిగి సాగదీసి చూసి, అచ్చియమ్మ చేతిలో పెట్టింది. అచ్చియమ్మ దాన్ని కొంగులో దాచుకుని లోపలికి పరుగెత్తింది.

ఆ టోపీ నెల రోజులు కూడా పట్టలేదు. తల పెరిగిపోయింది. వ్యాపారం లెక్కన చూస్తే, అంత పనికి అంతకంటే దండగ సరుకు ఉండదు.

మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. బయట యలమంచిలి బజారు తన పని తను చేసుకుంటోంది. మా ఆవిడ ఒళ్ళో సూదులు ఖాళీగా ఉన్నాయి. కొంచెంసేపు వాటిని చూసుకుంది. ఉండ చేతిలోకి తీసుకుని, నాలాగే, బరువు చూసింది. తర్వాత మూరలో సగం ఊలు కొలిచి తెంపి నా చేతికిచ్చింది.

"ఏవండీ, వదిన్ని బయటికి పిలవండి. పాదాల కొలత కూడా తెమ్మనండి."